తళుకు బ్రదర్స్‌లో మూడో గొంతు

ఇప్పుడు నన్ను చూసినవాళ్ళెవరూ నమ్మరు గానీ, ఒకప్పుడు నేను బంగారు రంగు సాటిన్ చొక్కా వేసుకుని, నడుము ఎడమకి రెండుసార్లు, కుడికి రెండుసార్లు తిప్పుతూ, మూడొందల మంది ముందు డిస్కో పాట పాడినవాణ్ణి. ఇప్పుడు ఆ నడుముకి బెల్టు పెట్టుకుని ఆఫీసులో కుర్చీలోంచి లేవడమే పెద్ద పనిగా ఉంది. అప్పట్లో మాకు వయసుండేది, ఆకలుండేది, వారానికి రెండు రోజులే క్లాసులుండేవి. కెనడాలో మా కాలేజీకి కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా విమానాల నిండా మావాళ్ళే దిగేవారు. క్లాసులో హాజరు పిలుస్తుంటే నాకు ఒంగోలులో చదివిన ఇంటర్ కాలేజీయే గుర్తొచ్చేది (తేడా ఏమిటంటే, ఇక్కడ మన పేర్లని విరిచి విరిచి పిలిచేవారు, మనవి కాదనుకుని మనం ఊరుకునేవాళ్ళం). గది దొరికితే అదృష్టం, కిటికీ ఉన్న గది దొరికితే పూర్వజన్మ పుణ్యం. నాకు మిస్సిసాగాలో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో, వాషింగ్ మెషీన్ పక్క గది దొరికింది. కిటికీ లేదు. కానీ ఆ గదిలో దిగకపోయి ఉంటే ఈ కథే లేదు.

ఆ ఇంటి యజమానిని మేమంతా రికార్డుల అంకుల్ అనేవాళ్ళం. విశాఖపట్నం నుంచి ఎప్పుడో వచ్చి, ఓక్‌విల్ కార్ల ఫ్యాక్టరీలో చేరి, కార్లకి తలుపులు బిగిస్తూ బిగిస్తూ రిటైరైన మనిషి. ఆయనకి రెండే వ్యసనాలు. ఒకటి ఆవకాయ, రెండోది పాత అమెరికన్ సోల్, డిస్కో పాటల రికార్డులు. హాల్లో గోడ పొడవునా రికార్డులే. అద్దెకి దిగిన రోజే నన్ను కూర్చోబెట్టి, అట్టలమీద మెరిసే కోట్లతో వరసగా నిలబడ్డ నలుగురు గాయకుల్ని చూపించాడు. ఒక్కడు ముందు పాడతాడట, ముగ్గురు వెనక నిలబడి ఊ అంటారట. గొంతులో బాధ ఉండాలట, కాళ్ళలో మాత్రం సంతోషం ఉండాలట, అదే ఆ సంగీతం మొత్తం సారమట. ఇంకో అట్ట తీసి అదే బృందం పేరు చూపించాడు. అందులో నలుగురూ వేరేవాళ్ళు. ఇదేమిటంకుల్ అంటే, మనుషులు మారుతుంటారు, బృందం అలాగే ఉంటుంది, అదీ వీళ్ళ గొప్ప అన్నాడు. ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు. అద్దె మాట్లాడుకోవడానికొచ్చినవాణ్ణి కాబట్టి అన్నిటికీ తలూపాను.

బేస్‌మెంట్‌లో నాతో పాటు ముగ్గురుండేవారు. వరంగల్ అన్న, నెల్లూరు తమ్ముడు, కర్నూలోడు. మా అసలు పేర్లు కాలేజీ ఫైళ్ళలోనే ఉండేవి. ఆదివారం పొద్దున్నే నలుగురం బట్టలు ఉతుక్కోవడానికి మెషీన్ల దగ్గర చేరేవాళ్ళం. ఒకరోజు కర్నూలోడు మంచులో తడిసిన బూట్లలో ఒకదాన్ని డ్రయ్యర్‌లో పడేశాడు. అది లోపల తిరుగుతూ ధబ్, ధబ్, ధబ్, ధబ్ అని కొడుతుంటే, వరంగల్ అన్న బట్టలు మడతపెడుతూ దానికి తగ్గట్టు పాడడం మొదలుపెట్టాడు. ఆరోజే బస్సు కోసం గంటసేపు మంచులో నిలబడి వచ్చాడు పాపం. అందుకని పాట కూడా దానిమీదే పుట్టింది. "మంచులో నిల్చున్నా మనసు వెచ్చగుందిలే" అని అన్న ఎత్తుకున్నాడు. నాకేమీ తోచక, వెనకనుంచి "రాదే... రాదే..." అన్నాను. అంటే బస్సు రాదు అని నా ఉద్దేశం. నెల్లూరు తమ్ముడు సన్నగొంతుతో ఊ అన్నాడు, కర్నూలోడు చప్పట్లు కొట్టాడు. "బస్సొస్తే పోదాం, రాకుంటే ఆడుదాం" అని నలుగురం కలిపి ముగించేసరికి, మెట్లమీద రికార్డుల అంకుల్ నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆ డ్రయ్యర్ ఆపొద్దు బాబూ అన్నాడు.

అలా పుట్టింది తళుకు బ్రదర్స్. పేరు అంకుల్ పెట్టాడు. సాటిన్ చొక్కాలు కూడా ఆయనే పాత బట్టల దుకాణంలో వెతికి పట్టుకొచ్చాడు. నాలుగూ నాలుగు సైజులు. పెద్దది ముందు పాడేవాడికి, అంటే వరంగల్ అన్నకి. నాకొచ్చినదానికి మూడో గుండీ లేదు. ఇంట్లో బంగారు రంగు దారం లేక నీలం దారంతో వేరే గుండీ కుట్టుకున్నాను (దూరానికి కనపడదులే అనుకున్నాను, ఫొటోలన్నిటిలో అదే కనపడేది). అంకుల్ మాకు నెలరోజులు శిక్షణ ఇచ్చాడు. మూడో గొంతు అంటే ఇంట్లో గోడలాంటిది, ఎవరూ చూడరు, తీసేస్తే మాత్రం కప్పు దిగుతుంది అని నాకు ప్రత్యేకంగా చెప్పేవాడు. నన్ను ఓదార్చడానికి చెబుతున్నాడని నాకు అనుమానం. ఎందుకంటే, దాచుకోవడం దేనికి, నాకు ముందు నిలబడి పాడాలని ఉండేది. మొదట్నించీ అదే కోరిక. దానికి తోడు నేనొక పొరపాటు చేశాను. వీడియో కాల్‌లో మా అమ్మ, నువ్వేనా మెయిన్ అని అడిగితే, నెట్‌వర్క్ సరిగ్గా లేనట్టు మొహం పెట్టి, ఊ అన్నాను. ఆ ఊ సాయంత్రానికల్లా ఒంగోలులో మా అపార్ట్‌మెంట్ ఐదు అంతస్తులూ ఎక్కేసింది.

ఇక్కడే నా తెలివితేటల గురించి చెప్పాలి. మా మొదటి ప్రోగ్రామ్ ఒక బారసాల, రెండోది పుట్టినరోజు. ఆ పుట్టినరోజుకి నెల్లూరు తమ్ముడు రాలేదు, పరీక్ష ఉందన్నాడు. ముగ్గురం పాడితే పాట కుంటింది. నేనప్పుడు ఒక వేర్‌హౌస్‌లో పెట్టెలు సర్దే పని చేసేవాణ్ణి. అక్కడ ఒక పద్ధతి ఉండేది. షిఫ్టుకి రాలేకపోతే, మన బదులు వచ్చే మనిషిని మనమే వెతికి పెట్టాలి. సూపర్‌వైజర్‌కి కారణాలు చెప్పనక్కర్లేదు, మనిషిని చూపిస్తే చాలు. కెనడాలో నేను నేర్చుకున్న మొదటి విద్య అదే కాబట్టి దాన్నే తెచ్చి బృందానికి అంటించాను. ఒక అట్టపెట్టె చింపి, మార్కర్‌తో రాసి, డ్రయ్యర్ పైన గోడకి అతికించాను: "వెళ్ళేవాడు తన బదులు మనిషిని తెచ్చి వెళ్ళాలి. వచ్చినవాడికి వెళ్ళినవాడి చోటే." రెండో వాక్యం నా సొంత తెలివి. ఎవరో మంచి గొంతున్నవాడు వచ్చి నా చోటు లాక్కుంటాడేమోనని ముందుజాగ్రత్త. నా చోటు మీద ప్రపంచంలో ఎవరికీ ఆశ లేదన్న సంగతి గానీ, ఆ వాక్యంతో నేను ముందు చోటుకి వెళ్ళే దారి నేనే మూసేసుకున్నానన్న సంగతి గానీ నాకు తోచలేదు. అందరూ చప్పట్లు కొట్టి ఒప్పుకున్నారు.

మొదటి దెబ్బ జనవరిలో తగిలింది. రెజైనాలో ఉద్యోగం దొరికింది, అటునుంచైతే పీఆర్, అంటే శాశ్వత నివాసం, తొందరగా వస్తుందట, వెళ్తున్నానన్నాడు వరంగల్ అన్న. నాకు బాధగానే ఉంది. అబద్ధం ఎందుకు, బాధ పక్కనే ఇంకొకటి కూడా ఉంది. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి "మంచులో నిల్చున్నా" అని రెండుసార్లు పాడి చూసుకున్నాను. తెల్లారేసరికి అన్న ఒకమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు. మందులు ప్యాక్ చేసే చోట అన్నతో పాటు షిఫ్టు చేస్తుంది, ఫార్మసీ చదువుతోంది, హైదరాబాద్. మాకంటే ఏడాది పెద్ద కాబట్టి ఫార్మసీ అక్క అయింది. నేను గోడమీది అట్టముక్క వైపు చూశాను. అన్న కూడా అటే చూశాడు.

"నువ్వే రాసినవు గదరా," అన్నాడు నవ్వి. "నువ్వు ఎనక ఉన్నవని ధైర్యంతోనే నేను ముందట పాడిన. అక్కకు గూడ గట్లనే ఉండు."

అన్న వెళ్ళేరోజు, అక్క నేర్చుకోవడానికి ఉంటుందని పాట మొత్తం ఫోన్‌లో రికార్డు చేశాం. ఆరోజు నాకు విపరీతమైన జలుబు. ఎలాగో నెట్టుకొస్తూ, రెండో చరణంలో నా వంతు అవగానే ఆపుకోలేక రెండుసార్లు దగ్గాను. మళ్ళీ చేద్దామన్నాను. బస్సు టైమైందిరా అని అన్న పెట్టె పట్టుకుని మెట్లెక్కేశాడు (ఆరోజు మాత్రం బస్సు టైముకే వచ్చింది). అదే మా పాటకి మిగిలిన ఒకే ఒక్క పూర్తి రికార్డు. తర్వాత వచ్చినవాళ్ళంతా ఆ వాయిస్ నోట్ విని నేర్చుకున్నవాళ్ళే.

ఫార్మసీ అక్క పాడితే మా బేస్‌మెంట్‌కి కిటికీ పెట్టినట్టుండేది. చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్న గొంతు. అన్న చొక్కా చేతులు నాలుగు మడతలు మడిచి, కుర్తా మీద తొడుక్కునేది. పేరు మాత్రం తళుకు బ్రదర్సే. మార్చాల్సిన పనిలేదని అంకుల్ తీర్పు చెప్పాడు. సీమంతాలకీ, పుట్టినరోజులకీ, బతుకమ్మకీ పిలవని వాళ్ళు లేరు. ఒకసారి బ్రాంప్టన్‌లో గృహప్రవేశానికి పిలిస్తే, పాట మొదలైన రెండో నిమిషంలో ఆ ఇంటి పెద్దావిడ ఆపేసింది. కొత్తింట్లో దీపం పెట్టుకుని రాదే రాదే అని ఏంటమ్మా ఆ అపశకునం అంది. అక్క క్షణంలో తేల్చేసింది, ఈ ఒక్కరోజుకి నన్ను "వచ్చే... వచ్చే..." అనమంది. సరేనన్నాను. మూడుసార్లు బాగానే అన్నాను. నాలుగోసారి నోరు దాని దారిన అది "రాదే" అంది. ఆవిడ మాకు భోజనం పెట్టింది గానీ స్వీటు ఇంకోటి కావాలా అని అడగలేదు. నా నోరు నా మాట వినదన్న సంగతి ఆరోజే గమనించి ఉండాల్సింది.

ఈలోగా మిగతా చోట్లూ మారాయి. నెల్లూరు తమ్ముడు హాలిఫాక్స్ వెళ్తూ తన క్లాస్‌మేట్‌ని పెట్టాడు, వాడి పేరు కొత్త నెల్లూరు. అతనిది నిజామాబాద్. కర్నూలోడి బదులొచ్చినవాడు కొత్త కర్నూలు, అతనిది భీమవరం. ఒకసారి భీమవరం వాళ్ళ ఇంట్లోనే పాడితే, మా ఊరివాడివై ఉండి కర్నూలని ఎందుకు చెప్పుకుంటున్నావని వాళ్ళు అతన్ని నిలదీశారు. పాపం, చోటుతో పాటు ఊరు కూడా వస్తుందని అతనికి మేం ముందు చెప్పలేదు. పాతవాళ్ళలో నేనొక్కణ్ణే మిగిలాను. కొత్తవాళ్ళు నన్ను రాదే అన్న అని పిలిచేవారు. గౌరవంగానే పిలిచేవారు. కానీ ఆ పేరు వినపడినప్పుడల్లా ముందు చోటు ఇంకో అడుగు దూరమైనట్టుండేది.

ఏడాది తిరక్కుండానే ఫార్మసీ అక్కకి వాంకూవర్‌లో ఉద్యోగం వచ్చింది. ఈసారి నేను మొహమాటపడలేదు. అక్కా, నేనే ముందుకొస్తాను, నా వెనక చోటుకి ఎవరినైనా చూద్దాం అన్నాను. అక్క చాలా ఇబ్బందిగా చూసింది. అప్పటికే ఒకడికి మాటిచ్చేసిందట. పాడతాడా అంటే, నేర్చుకుంటాడు అంది. మరి ఎందుకు వాణ్ణే అంటే, వాడికి కారుందిరా అంది. సాటిన్ చొక్కాలతో, చలికాలంలో, రెండు బస్సులు మారి సీమంతాలకి వెళ్ళినవాళ్ళకే తెలుస్తుంది కారు విలువ. అలా వచ్చాడు కారు తమ్ముడు. బంగారం లాంటి మనిషి. శ్రుతికి కొంచెం పక్కగా, కానీ గట్టిగా పాడేవాడు. చొక్కాకి గుండీలు పట్టేవి కావు, తెరిచే వదిలేసేవాడు, అదే స్టైలనుకునేవారు జనం. ఏ ప్రోగ్రామ్‌కీ మేం ఆలస్యంగా వెళ్ళింది లేదు.

అప్పుడొచ్చింది ఉగాది. తెలుగు సంఘంవాళ్ళు ఒక స్కూలు ఆడిటోరియంలో పెద్దఎత్తున చేస్తున్నారు, మాకు పావుగంట ఇచ్చారు. అంతవరకూ బాగుంది. కార్యక్రమం మొత్తం ఇంటర్నెట్‌లో లైవ్ వస్తుందన్నారు. అక్కడే వచ్చింది చిక్కు. ఎందుకంటే, ఆ లింకు నాకంటే ముందు మా అమ్మకి చేరింది, మా చిన్నాన్న కొడుకు పుణ్యమా అని. మధ్యాహ్నం పన్నెండుకి మన ప్రోగ్రామ్ అయితే వాళ్ళకి రాత్రి తొమ్మిదిన్నర. అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో టీవీకి కనెక్షన్ పెట్టించి, అందరూ భోజనాలు చేసి కుర్చీలేసుకుంటారట. వాచ్‌మన్ కుటుంబాన్ని కూడా పిలిచిందట. ఇంతమంది చూస్తుండగా నేను వెనక నిలబడి రాదే రాదే అంటుంటే, రెండేళ్ళుగా మోస్తున్న నా ఊ ఏమవుతుంది? అమ్మకి నిజం చెబుదామని మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ ఆవిడ ఆనందం చూసి, వంకాయ కూర ఎలా చేయాలో అడిగి పెట్టేశాను.

ఉగాది రోజు ఆడిటోరియం గుమ్మంలో చొక్కాలేసుకుని నిలబడ్డాం. కారు వచ్చింది. అందులోంచి కారు తమ్ముడు దిగలేదు. అతని రూమ్మేట్ దిగి, మడతపెట్టిన సాటిన్ చొక్కా నా చేతిలో పెట్టాడు. షిఫ్టులో అతని బదులు రావాల్సినవాడు ఫోన్ తీయడం లేదట, సూపర్‌వైజర్ వదలడం లేదట, అందుకని బృందం రూలు తప్పకూడదని, తన బదులు కారుని పంపాడట. రూమ్మేట్‌కి పాట రాదు, పార్కింగ్ చేయడం మాత్రం బాగా వచ్చు. కొత్త నెల్లూరు, కొత్త కర్నూలు నా మొహంలోకి చూశారు. నేను చొక్కా వైపు చూశాను. రికార్డుల అంకుల్ అక్కడే ఉన్నాడు.

"వేసుకో బాబూ," అన్నాడు. "మరి నీ చోట ఎవరు?"

అదేముందంకుల్, ఊరికే గాల్లో మాట, లేకపోయినా ఎవరికీ తెలియదు అన్నాను. ఆయన లోపలికెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు. నేను నీలం గుండీ చొక్కా విప్పి పెద్ద చొక్కా తొడుక్కున్నాను. రెండేళ్ళుగా ఎదురుచూసిన చొక్కా, మోకాళ్ళ దాకా వచ్చింది. ఆ క్షణంలో నా అంత సంతోషంగా కెనడాలో ఎవరూ లేరు.

స్టేజీ మీద ముందు మైకు పట్టుకుని నిలబడితే లైట్లకి జనం కనపడలేదు, కెమెరా మీది ఎర్రచుక్క ఒక్కటే కనపడింది. ఆ చుక్క వెనకాల మా అమ్మ, ఐదు అంతస్తులు, వాచ్‌మన్ కుటుంబం. ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకున్న మా డ్రయ్యర్ చప్పుడు మొదలైంది. ధబ్, ధబ్, ధబ్, ధబ్. నడుము ఎడమకి రెండుసార్లు, కుడికి రెండుసార్లు. అన్నీ సరిగ్గా జరుగుతున్నాయి. నేను పాడాల్సిన చోటు వచ్చింది. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. పాట నాకు తెలియక కాదు, అద్దం ముందు వందసార్లు పాడినవాణ్ణి. కానీ డ్రయ్యర్ చప్పుడుకి, ఆ నాలుగు దెబ్బలకి, నా నోటికి తెలిసింది ఊరుకోవడమే. ఇంకొకరు పాడేదాకా ఆగడమే. అందుకని ఆగాను. హాలంతా ఆగింది. సరిగ్గా ఆ నాలుగు దెబ్బలూ అయ్యాక, నా చోటు రాగానే, ముందు మైకులో, నిండు గొంతుతో, "రాదే... రాదే..." అన్నాను.

ఎవరో నవ్వారు. రెండో లైను వచ్చింది, మళ్ళీ అదే తంతు, ఊరుకున్నాను, మళ్ళీ రాదే అన్నాను. పారిపోదామనుకున్నాను, నిజంగా, పక్క తెర ఎంత దూరముందో చూసుకున్నాను కూడా. మూడో లైను వచ్చేసరికి ముందు వరసలోంచి ఒక గొంతు లేచింది. రికార్డుల అంకుల్. ముసలి గొంతు, వణుకుతోంది. ఆయన వెనక ఎవరో ఆంటీ అందుకుంది. వాళ్ళబ్బాయి పుట్టినరోజుకి మేమే పాడాం. ఇంకొకావిడ సీమంతానికి పాడాం. రెండేళ్ళలో ఆ ఊళ్ళో మేం పాడని తెలుగిల్లు లేదు. రెండో చరణానికల్లా హాలు హాలంతా ముందు గొంతు పాడుతోంది, గృహప్రవేశం పెద్దావిడతో సహా. నేను ముందు మైకులో వెనక గొంతు పాడుతున్నాను. వాళ్ళు ఆగినచోట నేను, నేను ఆగినచోట వాళ్ళు. "బస్సొస్తే పోదాం, రాకుంటే ఆడుదాం" దగ్గర కుర్చీల్లోంచి లేచి ఆడారు. నాకు భయం పోయింది. సిగ్గు పోయింది. రెండేళ్ళలో మొదటిసారి, నా చోటు ఏమిటో నాకే బయటనుంచి వినపడింది. చాలా బాగుంది.

దిగాక అంకుల్ నా భుజం మీద చెయ్యేశాడు. "గాల్లో మాట అన్నావు. ఇవాళ ముందు గొంతు లేకపోయినా పాట నిలబడింది. నువ్వు కూడా లేకపోతే ఏం నిలబడేది?" అన్నాడు. ఎనౌన్సర్ మైకులో ఇది ప్రేక్షకులతో పాడించే కొత్త ప్రయోగమని మెచ్చుకుంది. మేం కాదనలేదు. ఇంతలో అమ్మ ఫోన్.

"అంతమంది పాడుతున్నా నీ గొంతు ఒక్కటే వేరుగా వినపడిందిరా," అంది. "నువ్వే కదా మెయిన్?"

నెట్‌వర్క్ ఆరోజు చాలా బాగుంది. అయినా ఊ అనే అన్నాను. కాకపోతే ఈసారి అది అబద్ధమని నాకనిపించలేదు.

ఆ వేసవిలో నాకు పూర్తికాలం ఉద్యోగం దొరికింది, కిచెనర్ అనే వేరే ఊళ్ళో. నా రూలు నాకూ వర్తించింది. నా చోటుకి మనిషి దొరకడం అంత తేలిక కాలేదు. పాట వినిపించి, ఇదీ నీ వంతు అనగానే, ఇంతేనా అనేవారు. చివరికి ఆ వారమే విమానం దిగిన కాకినాడ అమ్మాయి ఒకతె, బిక్కుబిక్కుమంటూ, ఏదో ఒకటి ఇవ్వండి అన్నయ్యా, ఇక్కడ నాకెవరూ తెలియదు అంది. పక్కన కూర్చోబెట్టి నేర్పే తీరిక లేదు, సోమవారమే చేరాలి. నీలం గుండీ చొక్కా చేతిలో పెట్టి, వాయిస్ నోట్ పంపించి, ఇందులో నా గొంతు ఎలా ఉందో అలాగే పాడు, ఏమీ మార్చకు అని చెప్పి వెళ్ళిపోయాను. ఆ తర్వాత ఉద్యోగం, పీఆర్, పెళ్ళి, ఓక్‌విల్‌లో ఇల్లు. రికార్డుల అంకుల్ ఇల్లమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. తళుకు బ్రదర్స్ ఉన్నారో లేదో కూడా నేను కనుక్కోలేదు. ఇప్పుడు తలుచుకుంటే అది నాకు బాధే.

మొన్న దీపావళి వేడుకలకి మా ఆవిణ్ణీ, మూడేళ్ళ పాపనీ తీసుకుని వెళ్ళాను. పులిహోర తింటున్నాను. స్టేజీ మీద తళుకు బ్రదర్స్ అని పిలిచారు. ముగ్గురమ్మాయిలు, ఒకబ్బాయి వచ్చారు. ఒక్క మొహమూ తెలియదు. కాకినాడ అమ్మాయి కూడా లేదు. నాలుగు సాటిన్ చొక్కాలూ ఉన్నాయి, రంగు వెలిసి పసుపైపోయాయి. మూడో అమ్మాయి చొక్కాకి నీలం దారం. నేను ప్లేటు కింద పెట్టేశాను. ధబ్, ధబ్, ధబ్, ధబ్. అబ్బాయి ముందు పాడాడు, బాగానే పాడాడు. "రాదే... రాదే..." అని మూడో గొంతు. రెండో చరణం వచ్చింది. ఆ అమ్మాయి "రాదే... రాదే..." అని, ఒక్క క్షణం ఆగి, మైకు దగ్గరికి వంగి, తాళానికి సరిగ్గా, రెండుసార్లు దగ్గింది.

పాపం, ఆ పిల్లకి జలుబనుకుంటా అంది మా ఆవిడ. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో పక్కవాళ్ళకి తెలియకుండా పులిహోర ప్లేటు అడ్డం పెట్టుకున్నాను. ఎన్ని చేతులు మారిందో ఆ చొక్కా, ఎన్ని ఫోన్లు మారిందో ఆ వాయిస్ నోట్. వరంగల్ అన్న గొంతూ, ఫార్మసీ అక్క గొంతూ ఆ స్టేజీ మీద ఎక్కడా లేవు. నా జనవరి జలుబు మాత్రం శ్రద్ధగా, భక్తిగా, ఒకరినుంచి ఒకరికి అందుతూ ఇంతదూరం వచ్చింది.

పాట అయ్యాక ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, చాలా బాగా పాడావమ్మా అన్నాను. మధ్యలో దగ్గు వచ్చినట్టుంది, నీళ్ళేమైనా కావాలా అని అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"దగ్గు కాదంకుల్, అది పాటలోనే ఉంది," అంది, నాకు సంగీతం తెలియదని జాలిపడుతూ. "మొత్తం పాటలో కష్టమైన చోటు అదే. నాకు కుదరడానికి నెల పట్టింది."

నన్ను అంకుల్ అన్నవాళ్ళలో ఆ అమ్మాయే మొదటిది. అది కూడా నాకు తగల్లేదు, అంత సంతోషంగా ఉన్నాను. చాలా సరిగ్గా కుదిరిందమ్మా అన్నాను. ఆ అమ్మాయి మొహం వెలిగింది. వెళ్ళబోతుంటే ఆపి, మా లీడ్ సింగర్ వచ్చే నెల ఎడ్మంటన్ వెళ్ళిపోతున్నాడంకుల్, వాడికింకా మనిషి దొరకలేదు, ముందు నిలబడి పాడేవాళ్ళెవరైనా మీకు తెలుసా అని అడిగింది. పెద్ద చొక్కా ఆ అబ్బాయి చేతి మీద మడతపెట్టి ఉంది. దాన్ని ఒకసారి చూశాను.

"ముందు చోటుకైతే నాకెవరూ తెలియదమ్మా," అన్నాను. "నీ చోటు ఎప్పుడైనా ఖాళీ అయితే మాత్రం ముందు నాకు చెప్పు."

ఈ అంకుల్‌కి ఏమైందో అన్నట్టు చూసి, మర్యాదకి నా నంబరు రాసుకుంది.